కాగే మిట్ట

ఇంజన్ కాగితే ముందుగా చెప్పేది మీటరు ముల్లు కాదు, వాసన. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మా అబ్బాయి కిశోర్ నమ్మడు. అద్దాలు బిగించుకుని, ఏసీ పెట్టుకుని, ఫోన్లో ఎవరితోనో పలకరాయి బేరం మాట్లాడుకుంటూ నడిపేవాడికి వాసన ఎక్కడ తగులుతుంది? నాకు తగులుతుంది. తుప్పు, కాలిన రబ్బరు, అడుగంటిన బెల్లం పాకం, ఈ మూడూ కలిసిన వాసన అది. మొన్న ఎండాకాలం త్రిపురాంతకంలో మా చిన్నమామ పెద్దకర్మ భోజనం చేసి మార్కాపురం తిరిగి వస్తున్నాం. వెనక సీట్లో నేను, నా పక్కన కిశోర్ కూతురు హారిక. ఎండ తారురోడ్డు మీద మంటలాగా ఆడుతోంది. "ఒరే, ఆపు. కారు కాగుతాంది" అన్నాను. "ఏం గాలేదులే మా. నీకు కారెక్కితే చాలు, ఇదే గోల" అన్నాడు. ముసలిదాని మాట ఎవడు వింటాడు? ఇంకాస్త దూరం పోయాక ఎర్రలైటు వెలిగింది, కారు గురకపెట్టింది, బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి లేచింది. అప్పుడు ఆపాడు మహానుభావుడు.

దిగి చుట్టూ చూడగానే ఆ చోటు గుర్తుపట్టాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మిట్టను సగానికి కోసేశారు గానీ, ఎడమపక్కన పొరలు పొరలుగా నల్లగా పొడుచుకొచ్చిన ఆ పలకరాతి గట్టు అట్లాగే ఉంది. దాని వెనక ఎండిన వాగు. ఆ వాగు అవతల గొర్రెలు మేసే బీడు. పేరు రాసిన బోర్డు ఏదీ లేదు, ఉండదు కూడా. ఆ పేరు పెట్టినవాళ్ళందరూ పోయారు. కాగే మిట్ట. అక్కడ జరిగిన సంగతి తెలిసినవాళ్ళలో నేను కాక మా చిన్నమామ ఒక్కడే మిగిలి ఉండేవాడు, ఆయన కర్మకూడు తినే వస్తున్నాం. కిశోర్ మెకానిక్కుకు ఫోన్ చేశాడు. చల్లబడేదాకా మూత ముట్టుకోవద్దని, తను బయల్దేరి వస్తానని మెకానిక్ చెప్పాడట. హారిక కారు దిగి రాళ్ళ వైపు పరిగెత్తబోతే జబ్బ పట్టుకుని లాగాను. "రాళ్ళు ముట్టుకుంటే చేతులు విరగ్గొడతా" అన్నాను. పిల్ల బిత్తరపోయింది. అంత గట్టిగా అనాల్సింది కాదు. కానీ నాకు తెలిసింది ఆ పిల్లకు తెలియదు.

మా నాయనది మార్కాపురంలో పలకల దుకాణం. బడిపిల్లలు రాసుకునే పలకలు. ఇంటి ముందు భాగం దుకాణం, వెనక భాగం మేము. మధ్య వసారాలో ఆడవాళ్ళు వరుసగా కూర్చుని పలకలకు చెక్క ఫ్రేములు బిగించేవాళ్ళు. ఇంట్లో ఎక్కడ చెయ్యి పెట్టినా సన్నటి బూడిదరంగు పొడి అంటుకునేది. అన్నంలో కూడా అదే పొడి ఉండేదని అమ్మ నవ్వేది. రాతిపొడి, రంపపు పొట్టు, బంక కలిసిన వాసనే నాకు ఇల్లంటే. నాయన సెకండ్ హ్యాండులో ఒక బూడిదరంగు కారు కొన్నాడు. ఊళ్ళో అప్పటికి కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కారు మాదే గానీ తిరిగింది ఊరంతా. పెళ్ళికూతుర్లు అందులో దిగారు, పురిటి నొప్పులు పడేవాళ్ళు అందులో పోయారు. నాయనకు అడిగిన వాడికి లేదనడం చేతకాదు. పొద్దున్నే లేచి, పళ్ళు కూడా తోముకోకుండా, బానెట్ ఎత్తి రేడియేటర్లో నీళ్ళు పోసేవాడు. దాని గొంతు దగ్గర చెవి పెట్టి, నీళ్ళు లోపలికి దిగే చప్పుడు వినేవాడు. నేను కూడా పక్కన నిలబడి వినేదాన్ని. తాగుతోందా నాయనా అని అడిగితే, తాగుతాంది పాపా అనేవాడు.

ఇక్కడ మా నీళ్ళ గురించి చెప్పాలి. మా పెరటి బావి నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పన, ఆ తర్వాత చేదు. ఆ నీళ్ళల్లో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. తాగే నీళ్ళు ఊరి బయట ఉన్న మంచినీళ్ళ బావి నుంచి కావడి మీద రావాలి. ఆ వచ్చిన నీళ్ళ మీద పెత్తనమంతా మా అవ్వది, అంటే నాయనను కన్నతల్లిది. ఇత్తడి బిందెలు వరుసగా పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, పక్కనే పీట వేసుకుని కూర్చునేది. మంచినీళ్ళతో ఎవరైనా చెయ్యి కడిగితే ఇంక ఆ పూటకు తిట్లే కూడు. "మంచినీళ్ళు మనుషులకు, మిగతా వాటికన్నిటికీ ఉప్పునీళ్ళు" అనేది. కరువుల్లో బిడ్డల్ని పెంచిన మనిషి, ఆమెను తప్పు పట్టడానికి ఎవరికి నోరొస్తుంది? కారు మనిషి కాదు కాబట్టి కారుకు ఉప్పునీళ్ళు. ఊరు దాటి పోయేటప్పుడు కారు వెనక డిక్కీలో ఒక రేకు డబ్బా నిండా ఉప్పునీళ్ళు, అవ్వ ఒళ్ళో మరచెంబు నిండా మంచినీళ్ళు. పొరపాటున కూడా ఒకటి ఇంకొకటి కాకూడదని మరచెంబు మెడకు అవ్వ ఒక ఎర్రగుడ్డ పేలిక కట్టింది. ఎర్రగుడ్డ కనబడితే ముట్టకూడదని మాకు మాటలు రాకముందే తెలుసు.

అవ్వ పోలిక నాకు రాక ఎక్కడికి పోతుంది? ఇప్పుడు మా వంటింట్లో గోడకు నీళ్ళు శుద్ధి చేసే మిషను ఉంది. అది ఒక బిందె మంచినీళ్ళు ఇచ్చి, అంతకంటే ఎక్కువ ఉప్పునీళ్ళు సన్నగొట్టంలోంచి బయటికి కక్కుతుంది. కక్కిన నీళ్ళు పారబోయడానికి నాకు ప్రాణం ఒప్పదు. బకెట్టుకు పట్టి గచ్చు కడిగిస్తాను, అంట్లు తోమిస్తాను. ఒకరోజు పనమ్మాయి మంచినీళ్ళ క్యాను వంచి కరివేపాకు చెట్టుకు పోస్తూ నా కంట పడింది. ఆ రోజే ఆ క్యాను పిడికి ఎర్రగుడ్డ కట్టాను. దీన్లోంచి తాగడానికి తప్ప ఇంక దేనికీ చుక్క కదలకూడదని ఇంటిల్లిపాదికీ చెప్పాను. కిశోర్ నవ్వాడు గానీ కాదనలేదు.

సాయంత్రమైతే ఊళ్ళో కార్లున్న పెద్దమనుషులు మా దుకాణం అరుగు మీద చేరేవాళ్ళు. నూనె మిల్లాయన ఒకడు, పొగాకు వ్యాపారి ఒకడు, ఇంకా ఒకరిద్దరు. బాగున్నావా అని కాదు, "మీది యాడ కాగింది?" అని ఒకరినొకరు అడిగేవాళ్ళు. గిద్దలూరు దారిలో ఎక్కడ ఆగాలి, కంభం చెరువు దాటినాక ఎక్కడ గోనెసంచి తడిపి రేడియేటర్ మీద కప్పాలి, ఏ ఊరి బావిలో చేద ఉంటుంది, ఎవరి ఇంటివాళ్ళు అడిగితే నీళ్ళిస్తారు, అన్నీ వాళ్ళకు నోటికి వచ్చు. త్రిపురాంతకం దారిలో ఆ నల్లరాతి మిట్ట ఎక్కేటప్పుడు కాగని కారు లేదు. అందుకే దానికి కాగే మిట్ట అని పేరు పెట్టుకుని, పిల్లనిచ్చిన ఊరి గురించి మాట్లాడుకున్నంత సంబరంగా దాని గురించి మాట్లాడుకునేవాళ్ళు. అందరివీ కాగుతున్నాయి కాబట్టి కార్లంటే కాగుతాయనే అనుకున్నారు. అందరూ ఉప్పునీళ్ళే పోస్తున్నారన్న సంగతి ఒక్కరి బుర్రకూ తట్టలేదు.

తట్టింది అమ్మకు. మా స్నానాల గదిలో నీళ్ళు కాచే రాగి కాగు ఉండేది. దాని లోపల తెల్లగా, గట్టిగా సున్నంలాగా పొర కట్టేది. అమ్మ అప్పుడప్పుడు దాన్ని బోర్లించి రాయితో టకటక కొట్టి పెచ్చులు రాల్చేది. రాల్చకపోతే కట్టెలు ఎన్ని పెట్టినా నీళ్ళు కాగేవి కావు. ఒకనాడు అట్లా కొడుతూ, పక్కన పళ్ళు తోముకుంటున్న నాయనతో అన్నది, "ఏమండీ, ఈ కాగు లోపల ఎట్లుందో మీ కారు లోపల కూడా అట్లనే ఉంటది గదా. దాన్నెవురు కొట్టేది?" నాయన పుక్కిలించి ఉమ్మి, "కారుకీ కాగుకీ పోలికేందే, పిచ్చిదానా" అని నవ్వాడు. అవ్వ లోపలినుంచి, "ఇంక కారుకు గూడా మంచినీళ్ళు పొయ్యమంటావా ఏంది? రేపు ఎద్దులకు మజ్జిగ పొయ్యమంటావు" అన్నది. వసారాలో ఫ్రేములు బిగించే ఆడవాళ్ళు పకపక నవ్వారు. అమ్మ రాయి చేతిలోకి తీసుకుని మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది.

అమ్మ పుట్టిల్లు త్రిపురాంతకం. వేసవి సెలవులకు అమ్మతో పాటు నేనూ, తమ్ముడు రమణా అక్కడ ఉండేవాళ్ళం. రమణకు ఇంకా బడి ఈడు రాలేదు. బొద్దుగా, నల్లగా ఉండేవాడు. ఏ వస్తువు కనబడినా దాని కింద ఏముందో చూడాలి వాడికి. ఆ ఏడు మమ్మల్ని తీసుకుపోవడానికి నాయన, అవ్వ కారులో వచ్చారు. పొద్దున్న ఫలహారాలు అయ్యాయి, పెద్దవాళ్ళు బయలుదేరే సన్నాహంలో ఉన్నారు. పెరట్లో గచ్చు వేయించడానికి తెప్పించిన నల్లరాతి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. రమణ పైబండ అంచు పట్టి ఎత్తాడు. కేకపెట్టాడు. చిన్నమామ పరిగెత్తి వచ్చి బండ తోసి, చెప్పుతో కొట్టి చంపాడు. ఎర్రతేలు. చిన్నది, నా చిటికెన వేలంత కూడా లేదు. ఇంత చిన్నదేనా అని నేను నిమ్మళపడ్డాను కూడా. పెద్దవాళ్ళ మొహాలు చూశాక నిమ్మళం పోయింది. మా వైపు ఎర్రతేలు పెద్దవాణ్ణి కుడితే ఏడిపిస్తుంది, పసివాణ్ణి కుడితే తీసుకుపోతుంది.

మంత్రం వేసేవాణ్ణి పిలిపిద్దామని ఎవరో అన్నారు. అమ్మ వినలేదు. అప్పటికే రమణ ఒళ్ళంతా చెమటలు, చొక్కా పిండితే కారేంత తడి. చేతులు, కాళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయి. ఊళ్ళో కాంపౌండరు చూసి, "ఇది నాతో అయ్యేది కాదు, మార్కాపురం పెద్ద డాక్టరు కాడికి తీసకపోండి, నిలబడొద్దు" అన్నాడు. నిలబడొద్దన్న మాట చెవిలో పడుతుండగానే కారెక్కాం. నాయన, పక్కన అవ్వ మరచెంబుతో. వెనక అమ్మ, ఒళ్ళో రమణ, పక్కన నేను. చెమటగా ఒంట్లో నీళ్ళన్నీ పోతుంటే దప్పిక కాకుండా ఎట్లా ఉంటుంది? "నీళ్ళు, అవ్వా, నీళ్ళు" అనేవాడు. అవ్వ వెనక్కు తిరిగి మరచెంబు మూతలో కొంచెం పోసి ఇచ్చేది. గుటక వేసేవాడు, కాసేపటికి కక్కేవాడు, మళ్ళీ అడిగేవాడు. ఊరు దాటాక ఆ వాసన నాకు తెలిసింది. తుప్పు, రబ్బరు, మాడిన బెల్లం. నాయన వీపు మీద చొక్కా అతుక్కుపోయింది. నేను చెప్పలేదు, చెప్పాల్సిన పనిలేదు. ఆయన ముల్లు వైపు చూడ్డం, కళ్ళు తిప్పుకోవడం, మళ్ళీ చూడ్డం వెనక నుంచి నాకు కనిపిస్తూనే ఉంది.

ఒకచోట ఆపి డబ్బాలో ఉప్పునీళ్ళు దాదాపు అన్నీ పోశాడు. కారు కదిలింది. కాగే మిట్ట సగం ఎక్కిందో లేదో బుస్సుమని ఆవిరి అద్దానికి అడ్డంపడి దారి కనబడలేదు. ఆగిపోయింది. చల్లబడేదాకా మూత ముట్టకూడదని ఆ అరుగు మీద కూర్చుని పదిమందికి చెప్పిన మనిషి మా నాయన. ఆ రోజు పైపంచె చేతికి చుట్టుకుని తిప్పేశాడు. మూత ఎగిరింది. మోచేతి దాకా చర్మం ఊడి వచ్చింది. డబ్బాలో మిగిలిన నీళ్ళు పోశాడు. అవి ఎటుపోయాయో తెలియలేదు. కాలిన చెయ్యి గాలిలో పట్టుకుని కిటికీ దగ్గరకు వచ్చాడు.

"అమ్మా, ఆ మరచెంబు ఇట్లియ్యి."

అవ్వ రెండు చేతులతో మరచెంబును రొమ్ముకు అదుముకుంది. "ఇయ్యను" అన్నది.

"అమ్మా! కారు కదలాలంటే నీళ్ళు గావాల."

"పిల్లోడు నోరెండి పోతాండాడు రా. ఈ నీళ్ళు గూడా దాని నోట్లో పోస్తే వీడికేం పొయ్యాల? ఇయ్యను."

అమ్మ వెనక సీట్లోంచి అరిచింది. అత్తగారి ముందు గొంతెత్తి మాట్లాడని మనిషి అరిచింది. "అత్తా, ఇయ్యండి! డాక్టరు కాడికి పోతే వాడు అక్కడ తాగుతాడు. మీ కాళ్ళు మొక్కుతా, ఇచ్చెయ్యండి."

అవ్వ ఒకసారి రమణను చూసింది, ఒకసారి నాయన చేతిని చూసింది. ఎండ, ఈగలు, రమణ ఎగశ్వాస. ఎంతసేపు అట్లా ఉందో నాకు తెలియదు. నాకు మాత్రం అది ఇప్పటికీ అయిపోలేదు. తర్వాత తలుపు తీసుకుని తనే దిగింది. "నేను పోస్తా, జరుగు" అని నాయనను పక్కకు నెట్టి, మరచెంబు మెడ పట్టుకుని ఆ గొంతులోకి వంచింది. నాయన "పొయ్యి, పొయ్యి" అంటున్నాడు. గుడగుడమని లోపలికి దిగాల్సిన నీళ్ళు దిగలేదు. పోసినవి పోసినట్టు పైకి పొంగాయి. తెల్లటి పెచ్చులు, తుప్పు కలిసి పైకి వచ్చి, కాలే ఇనుము మీద చుయ్యిమని పారి, దుమ్ములో పడ్డాయి. లోపల చోటు లేదు. ఏళ్ళ తరబడి పోసిన ఉప్పునీళ్ళు సున్నమై ఆ సన్నటి గొట్టాలన్నిటినీ పూడ్చేశాయి. అవ్వ పొంగే నీళ్ళకు కొంగు పట్టింది. మరచెంబు ఖాళీ అయిపోయింది.

అప్పుడే రమణ మళ్ళీ "నీళ్ళు" అన్నాడు. అవ్వ వచ్చి ఆ తడి కొంగును, తుప్పు రంగు కొంగును, వాడి పెదాలకు అద్దింది. పెదాలు తడిశాయి. వాడు మింగలేదు.

పలకల లారీ ఒకటి వచ్చింది. నాయన, అమ్మ, రమణ దాంట్లో పోయారు. నన్ను అవ్వ దగ్గర వదిలిపెట్టారు. కారు నీడలో ఇద్దరం కూర్చున్నాం. అవ్వ ఖాళీ మరచెంబు ఒళ్ళో పెట్టుకుంది. దానికి కట్టిన ఎర్రగుడ్డను వేలికి చుట్టుకోవడం, విప్పడం, మళ్ళీ చుట్టుకోవడం. బీడులోంచి గొర్రెలు తోలుకుంటూ ఒకాయన వచ్చాడు. మమ్మల్ని చూసి సొరకాయ బుర్ర చాపి, "తాగండమ్మా, మంచినీళ్ళే" అన్నాడు. నేను గటగటా తాగాను. అవ్వ తల అడ్డంగా ఊపింది. "ఇందాక యాడుంటివయ్యా" అని మాత్రం అడిగింది. ఆయన బుర్ర భుజానికి తగిలించుకుని గొర్రెల వెంట వెళ్ళిపోయాడు. నీడ కారు కింద నుంచి జరిగి వాగు వైపు పొడుగైంది. లారీ తిరిగి వచ్చింది. డ్రైవరు దూరాన్నే ఆపి, తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. అవ్వ అడగలేదు. నేనూ అడగలేదు.

కారును ఎడ్లు కట్టి ఇంటికి ఈడ్చుకొచ్చారు. రేడియేటర్ విప్పి లోపల చూపించినప్పుడు అమ్మ ఒక్కసారి చూసి, స్నానాల గదిలోకి పోయి, కాగు బోర్లించి రాయితో కొట్టింది. పెచ్చులన్నీ రాలినా కొడుతూనే ఉంది. రాగి సొట్టపోయి చిల్లుపడేదాకా కొట్టింది. ఎవరూ ఆపడానికి వెళ్ళలేదు. నాయన కారు అమ్మేశాడు. అరుగు మీద కూర్చునేవాళ్ళు ఆ తర్వాత కూడా వచ్చారు గానీ, ఆయన ముందర కాగింది అన్న మాట ఎవరూ అనలేదు. కొన్నాళ్ళకు రావడం కూడా తగ్గించారు. ఆయన కుడి మోచెయ్యి దాకా గులాబీరంగులో మెరిసే చర్మం, అన్నం కలిపేటప్పుడల్లా నాకు కనిపించేది.

అవ్వ ఆ రోజు నుంచి మంచినీళ్ళు ముట్టలేదు. బిందెలకు గుడ్డ కట్టేది, అందరికీ తనే పోసి ఇచ్చేది, తను మాత్రం పెరటి బావికి వెళ్ళి చేదుకుని తాగేది. నాయన కాళ్ళు పట్టుకున్నా వినలేదు. ఆ నీళ్ళల్లోని ఫ్లోరైడు ఎముకల్లోకి పోతుందని తర్వాత డాక్టర్లు చెప్పారు, మాకు కళ్ళ ముందే తెలిసింది. ముందు పళ్ళు గారపట్టాయి, తర్వాత మోకాళ్ళు బిగిశాయి, చివరికి నడుము వంగి, నేలకేసి చూస్తూ నడిచేది. పోయినప్పుడు చాప మీద వెల్లకిలా పడుకోబెట్టడానికి కుదరలేదు. నేను ఏడవలేదు. నాకు అవ్వ మీద కోపం. లోపల చోటు లేదని, అడగ్గానే ఇచ్చినా ఆ నీళ్ళు దిగేవి కావని నా కళ్ళతో చూశాను. అయినా కోపం కళ్ళ మాట వింటుందా? మరచెంబును అదుముకుని ఆమె అన్న ఆ ఒక్క మాట, ఇయ్యను, అది నా చెవిలో ఇన్నేళ్ళూ మోగింది. పసివాడి ప్రాణం కంటే చెంబుడు నీళ్ళు ఎక్కువయ్యాయా అని మనసులో ఆమెను ఎన్నిసార్లు అడిగి ఉంటానో. పెద్దయ్యాక కథలు రాశాను, వ్యాసాలు రాశాను. తేలు గురించి కూడా ఎక్కడో రాశాను. నీళ్ళ గురించి మాత్రం రాయలేదు.

ఇప్పుడు పలక మీద రాసే పిల్లలు లేరు. కిశోర్ అదే రాయిని బిళ్ళలుగా కోయించి గోడలకు, మెట్లకు అంటించుకునేవాళ్ళకు అమ్ముతాడు. వీధికొక మంచినీళ్ళ ప్లాంటు, ఇంటికొక క్యాను. దారిలో కారు ఆగితే బావి వెతికేవాడు లేడు, ఫోన్ తీస్తాడు. కారుకు పోసేది కూడా నీళ్ళు కాదట, రంగు మందు ఏదో ఉందట, అది అడుగంటదట, గార కట్టదట. అది విన్నప్పుడు హమ్మయ్య అనుకున్నాను. ఇంక ఏ పిల్లవాడికీ ఆ గతి లేదని నమ్మాను.

బానెట్ ఎత్తి నిలబడ్డ కిశోర్ దగ్గరకు వెళ్ళాను. ఇంజన్ పక్కన తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంది, రంగు మందు పోసేది దాంట్లోనేనని ఇదివరకే చూపించాడు. అది ఖాళీగా ఉంది. దాని అంచు చుట్టూ, మూత మర మీద, తెల్లగా గరగరలాడే పొర. గోటితో గీకాను. పెచ్చు ఊడింది. దాన్ని నాలుక మీద పెట్టుకోవాల్సిన పనిలేదు, అయినా పెట్టుకున్నాను. ఉప్పన, ఆ తర్వాత చేదు.

"ఏం పోస్తాండావురా దీంట్లో?"

"మందు ఎట్లనో లీకవుతాంది మా. మెకానిక్ కాడికి పోను తీరిక యాడిది? కొన్నాళ్ళుగా నీళ్ళే పోస్తాండా."

"ఏం నీళ్ళు?"

"మన మిషను నీళ్ళే. బయటికొచ్చే నీళ్ళు బకెట్లో పడతావు చూడు, అయ్యి."

"మంచినీళ్ళు పొయ్యకూడదా?"

వాడు నా వైపు వింతగా చూశాడు. "బలేదానివే. దానికి ఎర్రగుడ్డ గట్టి, తాగను తప్ప చుక్క ముట్టొద్దంటివి గదా?"

గోటికి అంటిన తెల్లపొడిని కొంగుకు తుడుచుకున్నాను. పలకరాతి గట్టు మీద ఎండ తెల్లగా కాస్తోంది. మెకానిక్ ఇంకా రాలేదు. కారు లోపల నుంచి హారిక, ఎండకు మొహం ఎర్రబడి, "నానమ్మా, నీళ్ళు" అన్నది. నా సంచిలో ఒకే సీసా ఉంది, సగం ఉంది. దాన్ని బయటికి తీశాను.

కిశోర్ పొగలు కక్కే ఇంజన్ మీద నుంచి చెయ్యి చాపాడు. "అది ఇట్లియ్యి మా. మూత కాస్త చల్లబడింది. ఇది పోస్తే ఊరు చేరతాం, పిల్లకు అక్కడ తాగిస్తాం."

నా రెండు చేతులూ సీసాను రొమ్ముకు అదుముకున్నాయి.

"ఇయ్యను" అన్నాను.